బసవయ్య తాత స్నానం

ఆదివారం పొద్దున నేను డానియేలు తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తుంటే గోడ అవతల నుంచి బసవయ్య తాత దగ్గు వినిపించింది.

"పోయి జర చూసి రా" అన్నాడు నా భర్త, తల దువ్వుకుంటూ, అద్దంలోంచి కళ్ళు తిప్పకుండా. ఆ రోజు చర్చిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పే వంతు అతనిదే. పొరుగువాణ్ణి ప్రేమించడం గురించి.

బసవయ్య ఫలక్‌నుమా గల్లీల్లో బర్రెలు పెంచి పాలు పోసిన మనిషి. భార్య పోయింది. పక్షవాతంతో కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. కూతురు జహీరాబాద్ నుంచి వీలైనప్పుడు వస్తుంది. "క్రైస్తవులమై ఉండి పక్కింటాయనను గట్ల ఇడిసిపెడ్తమా? మేం చూసుకుంటం" అని డానియేలు గల్లీ అందరి ముందూ మాటిచ్చాడు. 'మేం' అంటే నేనని ఆ సాయంత్రమే తెలిసింది. గంజి తాగించడం, పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, ఆ తర్వాత కుట్టు కార్ఖానాకి పరుగు. ఆలస్యమెందుకైందో చెబితే "ఆ ముసలాయన నీకేమైతడు?" అని సేఠ్ కసిరేవాడు. కార్ఖానాలో ఎవరితోనైనా నవ్వి మాట్లాడితే "ఏంది ఆ ఇకఇకలు?" అని నిలదీసే డానియేలుకి, నేను పరాయి మగవాడి ఒళ్ళు తుడవడంలో మాత్రం తప్పు కనిపించలేదు. "సేవనే అది. దేవుడు చూస్తడు" అనేవాడు. దేవుడు నన్ను చూస్తున్నాడేమో గానీ, చర్చిలో అందరూ అతన్నే చూసేవారు. తాత మీద నాకు కోపం లేదు. ఒంట్లో బాగున్న రోజు తన బర్రెల అలకలు చెప్పి నవ్వించేవాడు. నా బాధంతా, నన్ను అడగకుండా నన్ను ఇచ్చేసినందుకే.

వేణ్ణీళ్ళ బకెట్ తీసుకుని వెళ్ళాను. పక్క తడిసి ఉంది. దుప్పటి తీయబోతే తాత ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డా."

"ఏంది తాతా, గిట్లనే పంటవా?"

ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. "రోజూ చెప్దామనుకుంట. నీతోని కడిగించుకోవాల్నంటే మస్తు సిగ్గయితది. నా బిడ్డ అసుంటిదానివి. డానియేలును పంపరాదు?"

దుప్పటి వదిలేశాను. ఇన్నాళ్ళూ ఆ అవమానం నా ఒక్కదానిదే అనుకున్నాను. సేవ అని పేరు పెట్టిన మనిషి మా ఇద్దరిలో ఎవరినీ అడగలేదు.

బకెట్‌తోనే బయటికి వస్తే డానియేలు చొక్కా తొడుక్కుని, బైబిల్ పట్టుకుని తాత గడప ముందే ఉన్నాడు.

"తాత నిన్ను పిలుస్తున్నడు. ఒళ్ళు కడగాలె."

"నేనా? మగోణ్ని, నాకు గవన్ని చేతనయితయా?"

"ఆయన కూడ మగోడే. అందుకే నిన్ను అడిగిండు."

"చర్చికి టైమయితుంది తనూజా! సాక్ష్యం ఎవరు చెప్తరు?"

ఇంతలో లోపల్నుంచి తాత గొంతు. "డానియేలూ, వచ్చినవా బిడ్డా?"

డానియేలు నా వైపు చూశాడు. నేను తప్పుకోలేదు. అతని చేతిలోని బైబిల్ తీసుకుని బకెట్ అందించాను. అది అందుకున్నాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకుని లోపలికి వెళ్ళాడు. "జర మెల్లగ తిరుగు తాతా" అనడం వినిపించాకే నేను కదిలాను.

చర్చి గుమ్మంలో పాస్టర్ ఎదురొచ్చారు. "డానియేలు ఏడమ్మా? పొరుగువాని ప్రేమ గురించి చెప్పాలె కద?"

"పక్కింట్ల ఉన్నడు అయ్యగారూ" అన్నాను. "ఇయ్యాల్నే మొదలువెట్టిండు."