ఉల్లిపొర రంగు మందారం

సూర్యావతిగారికి నూకరత్నం మీద అనుమానం పుట్టింది ఆషాఢంలో ఒక గురువారం పొద్దున్న, రెండో ఇడ్లీ తింటుండగా. అప్పటిదాకా పిసరంత కూడా లేదు. పుట్టడం మాత్రం పెద్దదే పుట్టింది.

కొడుకు వేణుగోపాలరాజుగారు ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. హైదరాబాదు అవతల రిసార్టు కట్టుకుంటున్నవాళ్ళు వీళ్ళ నర్సరీలో ఆరువందల అంటు మందారాలు తీసుకున్నారు. అవి ఇప్పుడు పూశాయట. మీరు ఫోటోలో చూపించిన పువ్వు వేరు, పంపిన మొక్క వేరు అని మండిపడుతున్నారట. కావాలంటే చూసుకోండని పూసిన పువ్వు ఫోటో కూడా పంపారు. సూర్యావతిగారు చెయ్యి కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని చూశారు. పువ్వు ఎర్రగా, నానబెట్టిన ఎండుమిరపకాయలా ఉంది.

"ఇది మన పువ్వు కాదు బాబూ," అన్నారావిడ.

ఆ మందారం రంగు ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తల్లి మొక్కని ఆవిడ భర్త బెంగుళూరు నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఎదురు సీటులో ఎవరో చంటిపిల్ల ఆకు తుంపేసిందని రాజమండ్రి దాకా విసుక్కుంటూనే వచ్చారట పాపం. దాని పువ్వు ఎరుపూ కాదు, నీలమూ కాదు. ఉల్లిపాయ మీద ఎండుపొర తీసేస్తే కింద లేతగా ఇంకో పొర ఉంటుంది చూడండి, అదీ దాని రంగు. కడియం చుట్టుపక్కల ఇన్ని నర్సరీలుంటే, ఇంకొక్కరి దగ్గర లేదా రంగు.

మరి ఉల్లిపొర రంగు వెళ్ళాల్సిన లారీలో మిరపకాయ రంగు ఎలా వెళ్ళింది? లారీ ఎక్కించేముందు మొగ్గలన్నీ గిల్లేస్తారు గనక పువ్వు చూసినవాళ్ళు లేరు. అంటు కట్టింది నూకరత్నం. తల్లి మొక్క కొమ్మ కోసిందీ నూకరత్నమే. ఆ మడి చుట్టూ వల, వలకి తలుపు, తలుపుకి తాళం. తాళానికి రెండే చెవులు. ఒకటి సూర్యావతిగారి బొడ్లో, రెండోది నూకరత్నం మెడలో పసుపుతాడు పక్కన ఇంకో తాడుకి.

ఇడ్లీ సగంలో వదిలేసి లేచారావిడ.

నూకరత్నం ఈ నర్సరీలో చేరి ముప్పై రెండేళ్ళు. సూర్యావతిగారికి ఆ చేరిన రోజు కూడా గుర్తే. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లెత్తి గోదారి ఎర్రగా పోటెత్తిన వారం అది. తడిసిన జాకెట్టుతో, చంకలో పిల్లతో వచ్చి, పనేదైనా ఇప్పించండని అడిగింది. ఆ చంకలో పిల్లకే పెళ్ళి చేసి, మనవరాలిని కూడా ఎత్తుకుంది. ఇన్నేళ్ళలో ఒక్క మొక్క పోలేదు. కానీ అనుమానం తలకెక్కిందంటే పాత మంచంతా ఎటు పోతుందో పోతుంది, మిగిలేది వేరే. నూకరత్నం అల్లుడు త్రిమూర్తులు చైత్రంలోనే కాలవ అవతల నర్సరీలో పనికి కుదిరాడన్న సంగతి ఆవిడకి గుర్తొచ్చింది. రోజూ సాయంత్రం నూకరత్నం ఇంటికెళ్ళేటప్పుడు చేతిలో ఒక తడిగుడ్డ మూట ఉంటుందన్నదీ గుర్తొచ్చింది. కొమ్మలు వాడిపోకుండా పట్టుకెళ్ళాలంటే తడిగుడ్డలోనే కదా చుట్టేది. అంటే మంచి కొమ్మలు అల్లుడికి, మామూలు కొమ్మలు రిసార్టుకి. అంతా అమిరిపోయింది.

అడిగేస్తే సరిపోయేది. అడగలేదావిడ. తాళం తుప్పు పట్టింది, కొత్తది వేయించాలి, నీ తాళంచెవి ఇలా ఇవ్వు రత్నం అని తీసేసుకున్నారు. నూకరత్నం తల మీంచి తాడు తీస్తూ తాళం వైపు ఒకసారి చూసింది. మొన్న సంక్రాంతి ముందే దానికి నూనె పెట్టింది తనే. తాడుతో సహా ఇచ్చేసింది. ఆ మధ్యాహ్నం నుంచి దాన్ని మందారాల దగ్గర కాకుండా కవర్లలో ఎర్రమట్టి నింపే ఆడవాళ్ళ వరసలో కూర్చోబెట్టారు. ముప్పై రెండేళ్ళు కత్తి పట్టిన చెయ్యి, నిన్న గాక మొన్న పనికొచ్చిన పిల్లల పక్కన మట్టి నింపింది. చూసినవాళ్ళకి అర్థమైపోయింది. నర్సరీలో ఇలాంటి మాట సాయంత్రానికల్లా చుట్టుపక్కల నర్సరీలన్నిటికీ పాకిపోతుంది, ఇంకో రెండు రోజులకి ఆ మనిషిని ఇంకెవరూ తల్లి మొక్కల దగ్గరికి రానివ్వరు.

సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు సూర్యావతిగారు. గాలి కోసమని చెప్పుకున్నారు. నూకరత్నం తడిగుడ్డ మూటతోనే వెళ్ళింది. వెళ్తూ, వస్తానండి అమ్మగారూ అంది, రోజూ అన్నట్టే. ఆవిడ మూటనే చూశారు, మొహం చూడలేదు.

రాత్రి భోజనాల దగ్గర మనవడు, మనవరాలు ఎప్పటిలాగే ఫోన్ల గురించి తగువు పడ్డారు. మనవడు శ్రీనివాసరాజుది ఓర్బో కంపెనీ. మనవరాలు కీర్తిప్రియ రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటుంది, ఆ పిల్లది టివాన్ కంపెనీ. ఏడాది తిరక్కుండా వీడు కొత్తది కొంటే అది కొంటుంది. సూర్యావతిగారికి ఆ కొనడాలన్నీ వరసగా గుర్తున్నాయి. పెద్ద వరద వచ్చిన ఏడాది ఒక కెమెరా కన్ను ఫోను, గేదె ఈనిన ఏడాది రెండు కళ్ళది, ఇప్పుడు వాడిదానికి మూడు, దీనిదానికి నాలుగు. పాతబడ్డవన్నీ చివరికి ఆవిడ దగ్గరికే చేరతాయి. నాలుగేళ్ళ కిందటి ఓర్బో ఆవిడ దిండు పక్కనే ఉంటుంది.

మీ కంపెనీ రెండేళ్ళుగా డబ్బా రంగు మార్చి అమ్ముకుంటోంది తప్ప కొత్తగా చేసిందేముంది అన్నయ్యగారూ అని మనవరాలు దెప్పింది. మీది మా వెనకాల పరిగెత్తుతోందని మనవడు తిప్పికొట్టాడు. తన ఫోనులో కొత్త తెలివి ఉందట. ఎదురుగా ఉన్నది ఆకాశమా, అన్నమా, పువ్వా అని దానంతటది కనిపెట్టి, ఎలా ఉంటే అందంగా ఉంటుందో అలా తీస్తుందట. మాకూ అదే ఉంది, ఇంకా నయంగా ఉంది అంది మనవరాలు.

సూర్యావతిగారికి ఇదంతా సగం చెవినే పడింది. ఆవిడ మనసు మూటలో ఉంది. రెండు పువ్వుల్నీ పక్కపక్కన పెట్టి కొడుక్కి చూపిస్తే, రేపు నూకరత్నాన్ని నిలదీయొచ్చని ఆవిడ ఆలోచన. మనం ముందు పంపిన ఫోటో తియ్యి బాబూ అని మనవణ్ణి అడిగారు.

వాడు తీసి చూపించాడు. మాఘమాసంలో తీసింది. ఆవేళ అయినవాళ్ళింట్లో పెళ్ళికి బయల్దేరుతూ, మందారం విరగబూసిందని ఆగి, కొమ్మ వంచి పట్టుకున్నది సూర్యావతిగారే. నా చీరా, నీ పువ్వూ ఒకే రంగు రత్నం అని ఆవిడ నవ్వితే, పువ్వే కాస్త నయమండి అని నూకరత్నం కూడా నవ్వింది. పాత ఫోనుతో తీసినవి రెండు, కొత్త ఫోనుతో తీసింది ఒకటి చూపించి ఏది పంపమంటారని మనవడు అడిగితే, కొత్తదే పంపు, కళకళలాడుతోంది అని చెప్పింది కూడా ఆవిడే. కళ్ళజోడు లేకుండా చెప్పారు. పెళ్ళికి వెళ్తూ ఎవరు పెట్టుకుంటారు కళ్ళజోడు?

ఇప్పుడు కళ్ళజోడుంది. ఫోటోలో కొమ్మ పట్టుకున్న చెయ్యి ఉంది. చేతి వెనక కొంగు ఉంది. ఆ కొంగు నీలంగా ఉంది.

ఆవిడ చాలాసేపు చూశారు.

"ఈ చీర నాది కాదు," అన్నారు.

మనవడు నవ్వాడు. మీరే కదా మామ్మా అన్నాడు. నేను జన్మలో నీలం పట్టుచీర కట్టలేదు బాబూ అన్నారావిడ. అది నిజమే. నీలం ఆవిడ ఒంటికి పడదని పెళ్ళినాడే అత్తగారు తీర్మానించేశారు, అప్పటినుంచీ బీరువాలోకి నీలం రాలేదు. అయితే ఆ చెయ్యి ఆవిడదే. పులుసు గిన్నె కాలిన మచ్చ మణికట్టు మీద అలాగే ఉంది. గాజులూ ఆవిడవే. తన చేతికి ఎవరిదో చీర ఎలా వచ్చింది? ఇప్పుడు అనుమానం నూకరత్నాన్ని వదిలి మనవడి మీదికి మళ్ళింది. వీడే ఫోటోకి రంగులు పులిమాడా? మొక్కలు అమ్ముడుపోవాలని పువ్వుకి నీలం పూశాడా? వాడు ఒట్టేసి చెప్పాడు, వేలు కూడా పెట్టలేదని, ఫోను ఎలా తీసిందో అలాగే పంపానని.

ఒట్లు ఎవరైనా వేస్తారు. సూర్యావతిగారు లేచి బీరువా తీసి ఉల్లిపొర రంగు ఉప్పాడ చీర బయట పెట్టారు. పొద్దున్నే ఆరున్నరకి ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ పట్టుకుని మడి దగ్గరికి రమ్మన్నారు. ఆ వేళకి మందారం విచ్చుకుంటుంది.

శుక్రవారం పొద్దున్న పనివాళ్ళు అప్పుడే వస్తున్నారు. నూకరత్నాన్ని కూడా పిలిచారు. అది వచ్చి వల బయటే ఆగిపోయింది. లోపలికి రమ్మన్నాక వచ్చింది. సూర్యావతిగారు చీర మడత పువ్వు పక్కన పట్టుకున్నారు. రెండూ ఒకటే రంగు. తల్లి మొక్కని ఎవరూ మార్చలేదు.

ముందు మనవడు తీశాడు. ఓర్బోలో పువ్వు నీలం, చీర నీలం. తర్వాత మనవరాలు తీసింది. టివాన్‌లో పువ్వు మిరపకాయ, చీర మిరపకాయ. రిసార్టువాళ్ళు పంపిన ఫోటోలో పువ్వుకి అక్షరాలా అదే ఎరుపు. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకళ్ళ ఫోను ఒకళ్ళు లాక్కుని చూసుకున్నారు.  ఆఖరున సూర్యావతిగారు తన దిండు పక్క ఫోను ఇచ్చి దాంతో తీయమన్నారు. నాలుగేళ్ళ కిందటిది, అద్దం మూల పగిలింది. దాంట్లో పువ్వు కాస్త వెలిసినట్టు వచ్చింది గానీ, ఉల్లిపొరే.

"అయితే ఏటేటా కొత్తవి తెచ్చి ఈ కంపెనీలవాళ్ళు చేస్తున్నది ఇదా," అన్నారు వేణుగోపాలరాజుగారు.

నూకరత్నం మాత్రం ఫోన్లు చూడలేదు. తల్లి మొక్క కింద కొమ్మ ఒకటి ఎండింది, అది తుంపి పారేసింది. నేను పువ్వుని చూసే కడతానండి, మీ ఫోన్లు నాకెందుకండి అంది. సూర్యావతిగారు అప్పుడు అడిగారు, ఆ సాయంత్రం మూట ఏంటి రత్నం అని. అంటు కట్టేముందు కొమ్మకి ఆకులు దూసేస్తాం కదండి అమ్మగారూ, ఆ ఆకులండి అంది. తన మనవరాలికి జుట్టు రాలుతోందట, మందారాకు రుబ్బి తలంటుతుందట. ఆ ఆకే ఇరవై ఏళ్ళు సూర్యావతిగారికీ రుబ్బి పంపింది అది. షాంపూలు వచ్చాక ఆవిడే వద్దన్నారు. అన్నీ గుర్తుండే ఆవిడకి అదొక్కటీ నిన్న గుర్తు రాలేదు.

ఉప్పాడ చీరని ఆవేళే కత్తిరించారావిడ. కోడలు వారిస్తున్నా వినలేదు. జానెడు ముక్క కొరియరులో రిసార్టుకి పంపి, మీ పువ్వు పక్కన పెట్టుకుని కళ్ళతో చూసుకోండి, ఫోనుతో వద్దు అని కొడుకు చేత చెప్పించారు. వాళ్ళు చూసుకున్నారు, ఒప్పుకున్నారు. మాకు కావాల్సింది నీలమే గనక గేటు దగ్గర వద్దు గానీ, వెనక ఈతకొలను పక్కన వేసుకుంటామన్నారు. ఇప్పుడు ఆ మొక్క ఎవరడిగినా ఫోటోతో పాటు చీరముక్క కూడా వెళ్తుంది. మనవడూ మనవరాలూ ఇంకా తగువు పడుతూనే ఉన్నారు, ఎవరి ఫోను తక్కువ అబద్ధం ఆడుతుందని.

తాళంచెవి సూర్యావతిగారు తన చేత్తోనే, మట్టి నింపే ఆడవాళ్ళందరి ముందూ తిరిగిచ్చారు. నూకరత్నం తీసుకుని మెడలో వేసుకుంది. మళ్ళీ మందారాల దగ్గర కూర్చుంది. కత్తి అంతే చురుగ్గా ఆడుతోంది, పలకరిస్తే పలుకుతోంది.

కాకపోతే రోజూ సాయంత్రం ఇంటికెళ్ళేముందు గేటు దగ్గర ఆవిడ కుర్చీ ముందు ఆగుతుంది. తడిగుడ్డ మూట విప్పి, ఆకులు అటూ ఇటూ కదిపి చూపించి, మళ్ళీ కట్టుకుంటుంది. మొదటి రోజు ఆవిడ వద్దన్నారు. రెండో రోజూ వద్దన్నారు. వారం దాటాక కుర్చీ లోపలికి వేయించుకుంటే, లోపలికే వచ్చి చూపించింది.

"ఎందుకే రత్నం ఇదంతా," అన్నారావిడ ఉండబట్టలేక. "నేను అడగలేదు కదా ఇప్పుడు."

నూకరత్నం ముడి బిగించింది.

"మీరు అప్పుడూ అడగలేదండి అమ్మగారూ," అంది.