పాతరలో పచ్చిచొప్ప

పాతర మీది మట్టి తీయగానే పెద్ద ఈరన్న ముక్కు మూసుకున్నాడు. పైన జానెడు మందాన జొన్నచొప్ప నల్లబడి, బూజు పట్టి ఉంది.

"కుళ్లిపోయిండాది అయివారూ. రేపు ఎద్దులను కోడుమూరు సంతకు తోలకపోతా. ఈ ఎండల్లో యాడ తెచ్చి మేపేది?"

పోయిన భాద్రపదంలో వాన లేక అతని జొన్న గిడసబారింది, వెన్ను తీయలేదు. పచ్చిగా మేస్తే నాము విషం తగిలి పశువులు చస్తాయని అతను చేను వదిలేయబోయాడు. నా భార్య జ్ఞానమణి వదలనివ్వలేదు. సర్కారు వ్యవసాయ మేస్త్రి చెప్పింది విని, మా బడి వెనక గుంత తవ్వించి, చొప్పను సన్నగా నరికించి, వరుస వరుసకూ ఎద్దులతో తొక్కించింది. గాలి దూరకపోతే పులిసి నిలవ ఉంటుందని, రెండు నెలలు పోతే పశువుకు భయం లేదని ఈరన్నకు మాట ఇచ్చింది. పాతర ఇంకా నింపుతుండగానే మూడో రోజు జ్వరంతో పడింది. ఐదో రోజు, పాతరకు మట్టి కప్పవలసిన మనుషులు ఆమె సమాధి తవ్వడానికి వచ్చారు. పాతర ఇంకో రెండు రోజులు తెరిచే ఉంది. ఆ సంగతి ఈరన్న ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పార తీసుకుని బూజు పొరను పక్కకు లాగాను. కింద చొప్ప పసుపుపచ్చగా, తడిగా ఉంది. పులిసిన అంబలి వాసన వేసింది.

"ముందు మా ఆవుకు పెడతాను" అన్నాను.

"వద్దప్పా! అక్క సాకిన ఆవు అది. ఏమన్నా అయితే?"

"మాట ఇచ్చింది ఆమే కదా."

గంపలో వేసి పెడితే ఆవు వాసన చూసి తల తిప్పుకుంది. ఈరన్న భార్య హంపమ్మ నవ్వింది. "కిరస్తానం ఆవు గదా, ప్రార్థన చేసినంక గాని తినదేమో!"

"నోరు మూసుకో మే" అని ఈరన్న కసిరాడు. నాకు మాత్రం నవ్వు వచ్చింది.

ఆవు మళ్లీ మూతి పెట్టింది. ఒక పోచ లాగింది. ఆ తరువాత గంప అడుగు నాకేదాకా తల ఎత్తలేదు. ముగ్గురం దాని ఎదుటే కూర్చున్నాం. కడుపు ఉబ్బుతుందేమోనని ఈరన్న ఊరికూరికే లేచి దాని డొక్కలు తడిమాడు. పొద్దు వాలేసరికి అది పడుకుని కళ్లు అరమూసింది.

"నెమరేస్తాండాది" అన్నాడు మెల్లగా.

"రేపు సంతకు పోతున్నావా?"

అతను గంప అందుకున్నాడు. "ఎద్దులు ఆకలితో ఉండాయి అయివారూ. ఇంత ఏసుకోని పోతా."

"రోజూ ఒక పక్కనుంచే తీయాలట. తీసినచోట మళ్లీ కప్పాలట."

"తెలుసులేప్పా" అన్నాడు ఈరన్న. "అక్క నాకు గుడక చెప్పిండె."