నాలుగింటికి లైను కావాలి

పెద్దక్క వేసిన కుట్టు విడిపోదని ఆ వీధిలో పేరు. ఆవిడా చెల్లెలూ విడిపోయి మాత్రం ఆరేళ్ళయింది. వాళ్ళమ్మ పోయాక, అమ్మ కాలితో తొక్కి కుట్టిన మిషను ఎవరిదన్న దగ్గర మాటా మాటా పెరిగింది. చెల్లెలు అడిగింది, పెద్దక్క ఇవ్వలేదు. మేడలు పంచుకున్నవాళ్ళయినా దారిలో ఎదురుపడితే పలకరించుకుంటారు. వీళ్ళు ఒక్క ఇనప మిషను కోసం మొహాలు తిప్పుకున్నారు.

ఇప్పుడు చెల్లెలు ఊపిరితిత్తుల జబ్బుతో దూరాన ఆసుపత్రిలో ఉంది. ఆ వార్డులోకి ఎవరినీ రానివ్వరు. ఆవేళ నాలుగున్నరకి గొంతులో గొట్టం వేసి మత్తులో పెడతామనీ, మళ్ళీ లేస్తుందని చెప్పలేమనీ డాక్టరు కబురు చేశాడు. నాలుగింటికి నర్సు కంప్యూటరులో చూపిస్తుందట. ఆక్సిజను ముసుగులోంచి మాట పెగలదు కాబట్టి వీళ్ళ దగ్గరున్న మాటల ఫోను పనికిరాదు, మొహాలు కనబడాల్సిందే. "అక్కని చూపించండి" అని చెల్లెలే కాగితం మీద రాసిందట. పెద్దక్క చెప్పాల్సింది ఒక్కటే ముక్క: మిషను నీదేనే, తీసుకో.

ఇంట్లో ఉన్నది పోయిన మొగుడి కంప్యూటరు. ఆయన అచ్చాఫీసులో పనిచేసేవాడు. నలుగురూ వాడేది తనకొద్దని, పెంగ్విను బొమ్మ ఉండే లినక్సు వేసుకున్నాడు. దానికి ఇన్నాళ్ళూ ఇంటర్నెట్టు లేదు. పొద్దున లైను మనిషి వచ్చి కిటికీ పక్కన పెట్టె బిగించి, అక్కణ్ణుంచి గది అవతలి మూల దాకా నేలమీదుగా తీగ లాగాడు. కంప్యూటరు తెరిచి చూసి మొహం చిట్లించాడు.

"ఇది మా లిస్టులో లేదమ్మా. పెట్టె దాకే మా పూచీ. పేరూ పాస్‌వర్డూ ఈ కాగితం మీదున్నాయి."

"పెళ్ళికొడుకుని గుమ్మం దాకా తెచ్చి, లోపలికి మీరే ఈడ్చుకోండి అన్నట్టుంది నాయనా."

అతను నవ్వి, అదే తీగ తన కంప్యూటరుకి తగిలించి పనిచేస్తోందని చూపించి, సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు.

గదిలో దారప్పోగు పడున్నా ఊరుకునే మనిషి కాదు పెద్దక్క. అడ్డంగా పడున్న తీగని ఎవరి కాళ్ళకీ తగలకుండా మిషను కిందికి తోసి, కాలితో తొక్కే ఇనపపలక అడుగునుంచి పొందిగ్గా లాగి సర్దింది.

మూడింటికి మరిది వచ్చాడు. లేతు పనివాడు, గోళ్ళ సందుల్లో గ్రీజు. అన్న దగ్గర కూర్చుని ఆ పెంగ్విను గుట్టు కాస్త నేర్చుకున్నాడు.

"మూడే ముక్కలు వదినా. ఏ తీగలోంచి వెళ్ళాలో, పేరేంటో, పాస్‌వర్డేంటో చెబితే కలుస్తుంది. నువ్వు మాత్రం నా వెనక నిలబడకు, వేళ్ళు తడబడుతున్నాయి. వెళ్ళి నీ పని చూసుకో."

పెద్దక్క మిషను ముందు కూర్చుంది. ముందువైపు తెరుచుకునే గౌను చెల్లెలికి కావాలని ఆసుపత్రివాళ్ళు అడిగారు. అది మొదలుపెట్టింది.

నల్లతెర మీద అక్షరాలు పరుగెత్తాయి. లైను కలిసింది, తెగింది. మళ్ళీ కలిసింది, మళ్ళీ తెగింది. మరిది పాస్‌వర్డు తిరగరాశాడు. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, పెట్టె మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది, తెర మీద మాత్రం ఏమీ నిలవదు. లైను మనిషికి ఫోను చేశాడు.

"మా లైను బ్రహ్మాండంగా ఉందండీ. మీ పెంగ్వినుకి ఇక్కడి ఎండ పడటం లేదేమో."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అని మరిది ఫోను పెట్టేశాడు.

నాలుగయింది. అతను విసుక్కున్నకొద్దీ పెద్దక్క గుండె దడదడలాడింది. గుండె అదిరినకొద్దీ కాలు ఇంకా జోరుగా ఆడింది. అది చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు. అమ్మ పోయిన రోజున కూడా అలాగే తొక్కుతూ కూర్చుంది.

నాలుగూ పన్నెండుకి బాబిన్‌లో దారం అయిపోయింది. కాలు ఆగింది. దారం మార్చేలోగా లైను కలిసి, నిలిచింది.

"వదినా, రా రా, కనిపిస్తోంది."

తల తిప్పేసరికి తెర మీద చెల్లెలు. ముసుగు పైన రెండు కళ్ళు. చెయ్యి సగం ఎత్తింది. పెద్దక్క మోకాళ్ళ నొప్పుల మనిషి, లేవాలంటే దేనిమీదనో భారం వెయ్యాలి. రెండు కాళ్ళూ పలక మీద మోపి లేచింది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోయింది. తర్వాత తెర నల్లబడింది.

మరిది కిందికి చూశాడు. వంగి, పలక అడుగునుంచి తీగ లాగాడు. ఒకచోట నలిగి చదునైపోయింది. ఆ చోటు వేళ్ళతో పట్టుకుని సరిచేసి, మళ్ళీ కలిపేటప్పటికి నాలుగూ ఇరవై రెండు. నర్సు ఒక్కతే కనబడింది. వెనక ఖాళీ మంచం.

"చాలాసేపు చూశారండీ. ఆయాసం ఎక్కువైంది, ముందే తీసుకెళ్ళిపోయారు."

కంప్యూటరు ఆపేసి మరిది నెమ్మదిగా అన్నాడు. "పాతది గదా వదినా. అన్నయ్య మొండితనం, ఇంకోటి కొననిచ్చాడా."

"మీ అన్నయ్యని అనకు. తొక్కింది నేను."

నాలుగోరోజున చెల్లెలు పోయింది. గౌను ఒక చెయ్యి కుట్టకుండా అలాగే ఉండిపోయింది. మిషనుని బండి కట్టించి చెల్లెలి కూతురికి పంపింది పెద్దక్క.

ఆ వారంలోనే లైను మనిషి కొత్త తీగ పట్టుకొచ్చి, గుమ్మంలోంచే అడిగాడు.

"మిషనుకి తగలకుండా గోడ వారగా వెయ్యమంటారా అమ్మా?"

మిషను ఇదివరకున్న చోట నేలమీద నాలుగు కాళ్ళ గుర్తులున్నాయి. పెద్దక్క వాటికేసి చూసింది.

"ఎటు వేసినా ఒకటే నాయనా. ఇప్పుడు అడ్డమేముంది."