మూలన పరిచిన చాప

"అమ్మా, ఇవాళ బళ్లో నేను మూల కూర్చున్నా," అంది మా చిట్టి, బూట్లు విప్పుకుంటూ.

నేను చదివిన నాలుగు తరగతుల్లో మూల అంటే గోడకి ముఖం పెట్టి నిలబడటమే. ఎందుకే అనడిగితే, "ఏడుపొచ్చింది, అందుకే," అంది. ఏడ్చిన పిల్లని మూలకి తోస్తారా! ఇక నా బుర్ర ఊరుకుంటుందా? కొట్టారేమో, తిండి పెట్టలేదేమో, దడుపు జ్వరం వస్తుందేమో.

"ముందు కనుక్కో, తర్వాత పోట్లాడుదువు గాని," అన్నారు మా ఆయన.

"మీకేం! ఇల్లు కూలుతున్నా తాళంచెవి వెతుక్కునే మనిషి."

మర్నాడు పాఠం మధ్యలో తలుపు తోసుకుని వెళ్లాను. "పసిదాన్ని మూల కూర్చోబెడతారా? మీ కడుపున పుట్టినదైతే ఇలాగే చేస్తారా?" అని గొంతు చించుకున్నాను. ముందు బెంచీలో రెండు జడల పిల్ల చెవులు మూసుకుంది. చిట్టి బల్ల మీద తల వాల్చేసింది. అది చూసి కూడా నేను ఆగలేదు.

టీచరమ్మ సుద్దముక్క కింద పెట్టి, మూల చూపించింది. కిటికీ పక్కన చాప, దిండు, ఒక చెవి ఊడిన గుడ్డ కుందేలు.

"కోపమొచ్చినా, భయమేసినా వాళ్లే వెళ్లి కూర్చుంటారమ్మా. ఎవరూ పంపరు. సర్దుకున్నాక వాళ్లే వస్తారు."

"మరి దీనికెందుకు ఏడుపొచ్చింది?" అన్నాను, గొంతు తగ్గించి.

టీచరమ్మ తటపటాయించింది. చిట్టే తలెత్తకుండా చెప్పింది. "నిన్న గేటు దగ్గర దింపినప్పుడు, పరిగెత్తితే తల పగులుతుందన్నావుగా. అందరూ ఆడుతుంటే నాకు భయమేసింది."

చెవులు మండిపోయాయి. పిల్లలంతా నన్నే చూస్తున్నారు. నా వెనకే ఉన్న తలుపు వైపు ఒకడుగు వేసి ఆగిపోయాను.

"టీచర్, ఆంటీ కూడా మూలకి వెళ్లొచ్చా?" అంది జడల పిల్ల. ఎవరో కిసుక్కున నవ్వారు. చిట్టి నవ్వలేదు. లేచొచ్చి నా వేలు పట్టుకుని, "రా," అంది.

చాప మీద కూర్చున్నాను. చిట్టి కుందేలుని నా ఒళ్లో పెట్టి తన చోటికి వెళ్లిపోయింది. పాఠం మళ్లీ మొదలైంది. నేను తలెత్తలేదు.

ఆటల గంట కొట్టారు. అందరూ బయటికి ఉరికారు. చిట్టి మాత్రం గుమ్మంలో ఆగి నా వైపు చూసింది.

"పరిగెత్తనా?"

జాగ్రత్త అన్న మాట పెదవి దాకా వచ్చింది. కుందేలుకి మిగిలిన ఆ ఒక్క చెవినీ గట్టిగా పట్టుకుని, "ఊఁ, వెళ్లు," అన్నాను.