మూడు గైడ్లు, ఒక కత్తెర

నన్ను చూడగానే గైడ్ల షాపతను స్టూలు జరిపి, "రా అక్కా, కూర్చో" అన్నాడు. కూర్చునే మనిషినైతే ఈపాటికి చరిత్ర పాసయ్యేదాన్ని. నిలబడే మొదటి గైడు తిప్పాను, నిలబడే రెండోది తిప్పాను, మూడోది తిప్పుతూ మళ్ళీ మొదటిదాని వైపు చూశాను. మొదటిదాంట్లో అక్షరాలు మరీ చిన్నవి గానీ జవాబులు దిట్టంగా ఉన్నాయి. రెండోదాని అట్ట మీద 'గ్యారంటీ' అని ఎర్రగా వేశారు, లోపల చూస్తే సగం ప్రశ్నలకి జవాబే లేదు. మూడోది చిన్నపిల్లలకి చెప్పినట్టు చక్కగా చెప్పుకొస్తుంది, యుద్ధాల దగ్గరికొచ్చేసరికి ఆయాసం వచ్చినట్టు రెండు ముక్కల్లో తేల్చేస్తుంది.

"ఏది మంచిదో నువ్వే చెప్పవయ్యా" అన్నాను.

"అన్నీ మంచివే అక్కా."

"అన్నీ మంచివైతే నేను రెండుసార్లు ఎందుకు తప్పాను?"

అతను పెన్సిళ్ళు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

దాచేదేముంది, నాకు స్థిమితం తక్కువ. మా అత్తయ్య అయితే నన్ను కాలుకాలిన పిల్లి అంటుంది, నా ఎదురుగానే అంటుంది. పెళ్ళైన కొత్త నుంచీ చొక్కాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ నా పని. నిలబడి చేసే పని కాబట్టి నాకు సరిపోయింది. పొడుగాటి బల్ల మీద బట్ట పొరలు పొరలుగా పరిచి, పైన అట్ట నమూనా పెట్టి, అది జరక్కుండా అంచుల మీద ఇనుప బరువులు పెట్టి, గీత గీసి కోసెయ్యడం. అక్కడ నా పేరు ఎవరికీ గుర్తుండదు, అందరికీ కత్తెరక్కనే. ఇప్పుడా కత్తెరే నా కొంప ముంచింది. కుడిచేతి బొటనవేలి కీలు అరిగిపోయిందట. పొద్దున లేస్తే ఆ వేలు మడవడానికి రెండో చెయ్యి సాయం పట్టాలి. కత్తెర మానకపోతే ఆ వేలు ఇక పనికిరాదని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది.

మానేసి ఏం చెయ్యను? కుట్టుపని నేర్పే శిక్షణ కేంద్రంలో కటింగ్ నేర్పే టీచరు వెళ్ళిపోతోందని తెలిసింది. ఆవిడ చోటికి మీరొస్తే బావుంటుందని వాళ్ళే కబురు పెట్టారు. ఒకటే మెలిక, స్కూలు ఫైనల్ సర్టిఫికెట్ ఉండాలి. చదువుకునే రోజుల్లో జ్వరంతో చరిత్ర పరీక్ష ఒక్కటీ రాయలేకపోయాను, మిగతావన్నీ అప్పుడే పాసయ్యాను. ఆ ఒక్కటీ ఇప్పుడు రాస్తున్నాను. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ తప్పాను. ఈసారి ఫలితం దాకా ఆగుతామని, ఆ తర్వాత వేరేవాళ్ళని చూసుకుంటామని కేంద్రం పెద్దావిడ చాలా మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకే నాకు నిద్ర పట్టడం మానేసింది.

నా కడుపుమంట ఏంటంటే, ఆ రెండుసార్లూ నేను బాగా రాశాను. ప్రశ్నపత్రం ఇవ్వగానే, ఫ్యాను గాలికి ఎగరకుండా అలవాటు కొద్దీ కింది అంచు మీద నీళ్ళ సీసా బరువు పెట్టి, తల వంచి గడగడా రాసేశాను. హాల్లో అందరికంటే ముందు లేచింది నేనే. గంట కొట్టకముందే వెళ్ళేవాళ్ళు ప్రశ్నపత్రం కూడా ఇచ్చెయ్యాలట, ఇచ్చేసి వచ్చాను. గేటు బయట టీ తాగుతున్న మా ఆయన, "అప్పుడే అయిపోయిందా!" అని నోరు వెళ్ళబెట్టాడు. నేను కాస్త గొప్పలు పోయి అటునుంచటే పనిలోకి పరిగెత్తాను. తీరా చూస్తే కాస్తలో పోయింది. రెండోసారీ అంతే, కాస్తలో పోయింది. చదివింది చదివినట్టు రాశాను కదా, మరి తప్పు చదివించిన గైడుది కాక ఎవరిది? అందుకే ఈసారి గైడు దగ్గర ఆచితూచి అడుగెయ్యాలని ఒట్టేసుకున్నాను.

ఆచితూచి మూడూ కొన్నాను.

"మూడా?" అన్నాడు మా ఆయన. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఒక చిన్న మరమేకు కోసం పూటంతా నేల మీద వెతగ్గల మనిషి. ఇద్దరికీ ఎలా కుదిరిందా అని చుట్టాలు ఇప్పటికీ ముక్కున వేలేసుకుంటారు.

"ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉందండీ."

"ముందు ఒకటి పూర్తి చేసి చూడవే."

చేద్దామనే ఉంది. కానీ మొదటిది పట్టుకుంటే రెండోదాంట్లో ఇంకా బాగా ఉందేమోనని పీకుతుంది. రెండోది తీస్తే మూడోది ఊరుకోదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను కోట ముట్టడి మూడు చోట్లా వెతుకుతున్నాను. రాత్రి పడుకున్నాక లేచి వెళ్ళి 'గ్యారంటీ' గైడుని దొడ్లోకి విసిరేద్దామనిపించింది. పరీక్ష దగ్గరపడుతోంది, ఒక్క పాఠం కూడా ఒంటబట్టలేదు.

దారి వర్క్‌షాపులోనే తట్టింది. అప్పుడప్పుడూ మాకు మచ్చలున్న తాన్లు వస్తుంటాయి. మచ్చ పడినచోట వదిలేసి, బావున్నచోట కోసి, అంత పాడు తానులోంచీ నిక్షేపంలాంటి చొక్కాలు తియ్యడం నాకు వెన్నతో పెట్టిన విద్య. మరి గైడ్లకి మాత్రం ఎందుకు చెయ్యకూడదు? మూడింట్లోంచీ మంచి జవాబులు కోసుకుని ఒక్క గైడు కుట్టుకుంటే సరి. ఇంతకాలం ఈ ఆలోచన ఎందుకు రాలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ముందు గీతలన్నీ గీసుకున్నాకే కత్తెర ముట్టుకోవాలన్నది మా పనిలో నియమం. ఆ ప్రకారమే ప్రతి ప్రశ్నకీ మూడు జవాబులూ చదివి, ఏది బావుంటే దాని చుట్టూ పెన్సిల్‌తో గీసుకుంటూ పోయాను. బస్సులో గీశాను, భోజనం దగ్గర గీశాను. సెలవు రోజు పొద్దున్నే పిన్నులు పీకి, కాగితాలు విడదీసి, బల్ల మీద పేర్చి కత్తెర అందుకున్నాను. పరీక్ష ఎల్లుండి. కోసేటప్పుడు చదవను, కోసేటప్పుడు గీత తప్ప ఇంకోటి కనపడదు నాకు. కోసిన ముక్కల్ని వరసగా నమూనా అట్టల మీద మైదా జిగురుతో అంటించి, పక్కన దారంతో కుట్టేశాను. వేలు సలుపుతున్నా ప్రాణం మాత్రం హాయిగా ఉంది.

"పుస్తకాన్ని కోసుకుని చదివే చదువు నేనెక్కడా చూళ్ళేదమ్మా" అంది అత్తయ్య గుమ్మంలో కూర్చుని.

"చూస్తారుగా అత్తయ్యా, ఈసారి దెబ్బకి పాస్."

మధ్యాహ్నం మా ఆయన కొత్త గైడు ఒళ్ళో పెట్టుకుని పరీక్ష పెట్టాడు. "పన్నుల మీద రైతుల తిరుగుబాటు, కారణాలు."

నోటికొచ్చినంత చెప్పాను. ఆయన పేజీలు అటూ ఇటూ తిప్పి, "ఆ జవాబు ఇందులో లేదే" అన్నాడు.

"ఎందుకు లేదు? నేనే గీశాను. మొదటి గైడులోది."

లేదు. ఓడల వ్యాపారం కూడా లేదు. వెతికిన కొద్దీ లేనివే తేలుతున్నాయి. కోయగా మిగిలిన కాగితాలు తెచ్చి చూస్తే, రైతుల తిరుగుబాటు తల ఒక కాగితంలో ఉంది, ఒళ్ళు మాయం. ఆయన ఒక ముక్క మూలని గోటితో మెల్లగా లేపాడు. గడియారం భూతద్దం కంటికి పెట్టుకుని కిందకి చూశాడు.

"మిగతాది దీని వెనకాల ఉంది" అన్నాడు.

బట్టకి మంచివైపు ఒకటే. నా బల్ల మీద అది పైకి ఉంటుంది, వెనకవైపుతో నాకు ఎన్నడూ పని లేదు. కాగితానికి రెండు వైపులా అచ్చేస్తారని తెలియని దద్దమ్మనా? చేతికి కత్తెర వచ్చేసరికి ఆ సంగతే గుర్తులేదు. పైనున్న మంచి జవాబు కోసిన ప్రతిసారీ వెనకున్న మంచి జవాబుని నరికాను. నరికి ఊరుకోకుండా జిగురు పూసి మరీ బోర్లా అంటించాను.

ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద పడాలో తెలీక మా ఆయన మీద పడ్డాను. "పొద్దుట్నుంచీ ఇంట్లోనే ఉన్నారుగా, ఒక్క మాట అనలేకపోయారా?" అన్నాను. ఆయన నిదానంగా, "నీ చేతిలో కత్తెరుంటే నేను మాట్లాడనే" అన్నాడు. అత్తయ్య పకపకా నవ్వింది. నాకు ఇంకా మండింది. చెప్పులేసుకుని గైడ్ల షాపుకి పరిగెత్తాను, మూసి ఉంది. ఆ రోజు సెలవన్నది కూడా మర్చిపోయాను. తిరిగొచ్చి నడింట్లో నిలబడ్డాను. నాకిక ఈ వేలే మిగులుతుంది, ఈ బల్లే మిగులుతుంది అనిపించింది. అప్పుడొచ్చాయి కన్నీళ్ళు.

"మైదా జిగురేగా" అంది అత్తయ్య. "తడిపితే ఊడదూ? కాలరు లోపలి గుడ్డ వంకరగా అంటితే తడిపి ఊడదీసేదానివి కదా, చూశాను."

ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది గానీ అంత తీరిక లేదు. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, అట్టలు ఒక్కొక్కటే ముంచి, ముక్కల్ని మెల్లగా ఊడదీశాం. ఆయన పట్టకారుతో తీస్తుంటే నేను దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేశాను. మిగిలిన కాగితాలు కూడా తెచ్చి, చేతికి భుజం జత చూసినట్టు, ఏ తలకి ఏ ఒళ్ళో జత చూసి పక్కపక్కనే తగిలించాను. దొడ్డి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చరిత్ర వేలాడింది.

ఆరేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? తడి ముక్కల కిందే నడుస్తూ చదవడం మొదలుపెట్టాను. ఒక ముక్క ముందువైపు చదవడం, క్లిప్పు దగ్గర పట్టుకుని తిప్పి వెనకవైపు చదవడం, రెండడుగులేసి ఇంకో ముక్క. గోడ దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి. నడుస్తుంటే బుర్రలోకి ఎక్కుతోంది! ఇన్నాళ్ళూ కూర్చోలేకపోతున్నానని ఏడ్చాను గానీ, నడిచి చదవచ్చని నాకెవరూ చెప్పలేదు. మర్నాడు పనికి సెలవు పెట్టి రోజంతా నడిచాను. చూపు పడితే చాలు, చెయ్యి దానంతటదే కాగితం తిప్పేస్తోంది. రాత్రి కంచం కూడా తిప్పబోయానని అత్తయ్య ఇంకా అందరికీ చెబుతూనే ఉంటుంది.

పరీక్ష హాల్లో ఫ్యాను అలాగే గిరగిరా తిరుగుతోంది. ప్రశ్నపత్రం బల్ల మీద పరిచి, కింది అంచు మీద సీసా పెట్టి, రాయడం మొదలుపెట్టాను. అన్నీ వచ్చినవే. రాస్తుంటే వేలు సలిపింది, పళ్ళు బిగబట్టి రాశాను. చివరి జవాబు కింద గీత కొట్టి తలెత్తితే, అందరూ ఇంకా వంగి రాస్తున్నారు. పాపం అనుకున్నాను. నా కాలు ఒకటి అప్పటికే బెంచీ బయట ఉంది. పర్యవేక్షకురాలు నన్ను చూసి దగ్గరికొచ్చింది. "పోయినసారి కూడా ముందు వెళ్ళింది మీరే కదూ? ఇచ్చేస్తారా?" అని చెయ్యి చాపింది.

ఇచ్చేద్దామని సీసా తీసి ప్రశ్నపత్రం అందుకున్నాను. నా చెయ్యి దాన్ని తిప్పింది.

వెనకాల 'రెండవ భాగం' అని ఉంది. దాని కింద ప్రశ్నలు, ముందువైపు ఎన్నున్నాయో దాదాపు అన్నే. మళ్ళీ ముందుకి తిప్పాను. సీసా పెట్టిన చోట, తడి మరక మధ్యలో, చిన్న అక్షరాలతో 'వెనుకవైపు చూడుము' అని ఉంది.

మొదటిసారీ ఇక్కడే పెట్టాను సీసా. రెండోసారీ ఇక్కడే పెట్టాను. పైన 'మొదటి భాగం' అని అంత లావున ఉంటే, రెండోది ఏమైందని ఈ బుర్రకి ఒక్కసారైనా తట్టలేదు. సగం పేపరు రాసి కాస్తలో తప్పాను. అంటే రాసిన ఆ సగం ఎంత బాగా రాసుండాలి! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పర్యవేక్షకురాలి చెయ్యి ఇంకా చాపే ఉంది.

"ఇంకా సగం ఉందండీ" అన్నాను. కాలు లోపలికి లాక్కున్నాను.

మొదటి ప్రశ్న రైతుల తిరుగుబాటు. తల, ఒళ్ళు, రెండూ రాశాను. గంట కొట్టి కాగితాలు లాక్కునేదాకా కూర్చున్నాను.

గేటు బయట మా ఆయన తాగేసిన టీ కప్పు పట్టుకుని కంగారుగా వెతుక్కుంటున్నాడు. అందరూ వస్తున్నారు, నేను లేను. నన్ను చూడగానే, "ఏమైందే? జవాబులు రాలేదా ఏం?" అన్నాడు.

జరిగింది చెప్పాను. ఆయన ఖాళీ కప్పు గేటు పక్క గోడ మీద పెట్టాడు. తర్వాత, "అయితే ఆ పాత గైడ్లు..." అన్నాడు మెల్లగా.

"మంచివేనండీ" అన్నాను. అప్పుడు, నడిరోడ్డు మీద, ఆయన భుజం మీద తలపెట్టి భోరుమన్నాను.

ఇంటికెళ్ళే దారిలో గైడ్ల షాపు తీసి ఉంది. షాపతను నన్ను చూసి గబగబా పెన్సిళ్ళు సర్దబోయాడు. నేను లోపలికెళ్ళి స్టూలు నేనే జరుపుకుని కూర్చున్నాను.