వేలెడు కింద

“చాలు” అంది అక్క. తమ్ముడికి అలాగే వినిపించింది.

“ఆగవే అక్కా, తెరమీద ఇంత జిడ్డేమిటి? తలకు రాసిన నూనె దీనికీ రాస్తున్నావా?” అంటూ అతను చొక్కా అంచుతో ఆమె ఫోన్‌ను ఇంకాస్త గట్టిగా తుడిచాడు. రోజూ ఆఫీసుకు బయల్దేరే ముందు చేసే పనే.

పక్షవాతం ఆమె మాటనూ కుడిచేతినీ పట్టుకుపోయింది. పోతూపోతూ నొప్పిని మాత్రం వదిలేసి వెళ్ళింది. తలాడిస్తే అవునో కాదో తేలడం లేదని ఆసుపత్రివాళ్ళు ఫోన్‌లో ఒక గీత ఇచ్చారు. సున్నా నుంచి పది దాకా అంకెలు. గీతమీది గుండీని వేలితో జరిపి నొప్పి ఎంతో చెప్పాలి. అంకెను బట్టి మందు. మొదటిరోజు, పగలు ఇంటికొచ్చి చూసుకునే నర్సు చెయ్యి పట్టుకుని నేర్పుతూ రెండు దగ్గర పెట్టింది. నెలయినా గుండీ అక్కడే ఉంది.

“రెండంటే చీమ కుట్టినంత సార్” అంది నర్సు.

అక్క మొహం చూస్తే చీమ కుట్టినట్టు లేదు. కానీ నుదుటిగీత ఎవరు గీశారోగానీ, ఆ ఫోన్‌గీత గీసింది తమ్ముడే. తన గీత అబద్ధమాడదని అతని నమ్మకం.

ఆఫీసులో అతణ్ణి వేళ్ళ మేస్త్రి అంటారు. వాలిన ఎడమభుజం, కళ్ళజోడు ఒత్తి గుంటలుపడ్డ ముక్కు. తెరమీద ఏది తాకితే ఏది కదలాలో చూడటమే పని. పదహారేళ్ళ ఉద్యోగమూ వేళ్ళకే పోశాడు. ఆ రోజు అదే గీత వాడే ఒక ముసలాయన ఫిర్యాదు వచ్చింది: ‘వేలు పోతోంది, గుండీ రావడం లేదు. నాది వేలనుకున్నారా, సూదనుకున్నారా?’

మేస్త్రి నవ్వుకుని, ఎడమచేతిని కావాలనే వణికిస్తూ గీతమీద పెట్టాడు. వేలు గుండీకి కాస్త కిందపడి చివరిదాకా జారింది. గుండీ కదల్లేదు. గుండీ కనిపించినంత మేరే తాకుడు చోటు, అంటే వేలిని పట్టే చోటు, ఇచ్చింది తనే.

“రెండు” అన్నాడు పైకే. నవ్వు ఎటుపోయిందో పోయింది.

నర్సుకు ఫోన్ చేశాడు. “ఆ రెండు నమ్మకండమ్మా.”

“అంకె జరిగితేనే మందు మారుస్తారు సార్. నేను జరిపితే నా ఉద్యోగం జరిగిపోతుంది.”

అతను గుండీ సైజు మార్చలేదు. దాని చుట్టూ కనపడని చోటును వేలెడు పైకీ వేలెడు కిందికీ పెంచాడు. ఆరు వరసల కోడ్, అరగంట పని.

“బావుంది గురూ. వచ్చేనెల అప్‌డేట్‌లో పెడదాం” అన్నాడు మేనేజరు.

“మా అక్కకి ఇవాళే కావాలండి.”

“క్యూలో అక్కాతమ్ముళ్ళుండరయ్యా. ముందు ఆ మిగతావి పూర్తిచెయ్యి.”

పూర్తిచేశాడు. ఎదురుచెప్పడం అతనికి చేతకాదు. సాయంత్రం కొత్త గీతను తన ఫోన్‌లో వేసుకుని బస్సెక్కాడు. కుదుపుల్లో వేలు ఎటు పడ్డా గుండీ వచ్చింది. దిగేదాకా జరుపుతూనే ఉన్నాడు.

గుమ్మం బయట చెప్పులు ఎక్కువగా ఉన్నాయి.

“మూడు దాటాక సార్” అంది నర్సు. “మీకు చేస్తే ఫోన్ కలవలేదు. ప్రశాంతంగానే పోయారు. ఇవాళ కూడా రెండే.”

అతను అక్క ఫోన్ తీసుకుని దీపం కింద ఏటవాలుగా పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నర్సుకూ, పక్కింటి పిన్నికీ, గుమ్మంలో నిలబడ్డవాళ్ళకీ పాఠం చెప్పినట్టు చెప్పాడు: గుండీ ఎంత, తాకుడు చోటు ఎంత, వణికే వేలు ఎక్కడ పడుతుంది, రెండు ఎందుకు రెండు కాదు.

“రోజూ నేనే తుడిచేశాను పిన్నీ. పొద్దున చాలు అనలేదు. చూడు అంది.”

పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఫోన్‌ను మంచం పక్క బల్లమీద పెట్టాడు. అది ఇంకా వెలుగుతూనే ఉంది. గుండీ రెండు దగ్గర. దానికి వేలెడు కింద, రెండు దగ్గర మొదలై పది దాటి తెర అంచుదాకా సాగిన జిడ్డుచార.