అరగంట ఆగాలట

మా ఆయనది సీసాలు చూసే ఉద్యోగం. కూల్ డ్రింకుల ఫ్యాక్టరీలో, వెనక దీపం వెలిగే తెల్లటి అద్దం ముందు కూర్చుని, వరసగా కదిలిపోయే సీసాల్లో నలక ఉందా, గీత ఉందా అని రోజంతా కనిపెడుతూ ఉంటారు. లేబుల్ వంకరగా అంటుకున్నవి కొట్లకు వెళ్ళవు. వాటిని శనివారం సాయంత్రం పనివాళ్ళకు పంచేస్తారు. అందుకే పదకొండేళ్ళుగా మా వంటగది తలుపు వెనక సీసాల పెట్టె ఖాళీగా ఉన్న రోజు లేదు.

మా అమ్మాయి గిలక్కాయ ఆ పెట్టె పక్కనే పెరిగింది. చంటిపిల్లగా ఉన్నప్పుడు ఊరికే గలగలా నవ్వేదని పెట్టిన పేరు, అదే స్థిరపడిపోయింది. ఇప్పుడు దానికి పంతొమ్మిదేళ్ళు. నా కుట్టు దుకాణంలో నా పక్క మిషను దానిదే.

నా ముందు పళ్ళు నాలుగూ కట్టుడువి. చిన్న వయసులోనే పుచ్చిపోయాయి. అందుకని పిల్ల పళ్ళ విషయంలో నేను రాక్షసిని. సీసాలు మానిపించలేక ఓడిపోయి ఒక నియమం పెట్టాను: తాగిన మరుక్షణం బ్రష్షు. అదీ గట్టి కుచ్చు ఉన్నది. సింకు పక్కన నిలబడి "ఇంకా గట్టిగా, ఇంకా" అంటూ తోమించేదాన్ని. చుట్టాలు వస్తే దాని నోరు తెరిపించి, "ఒక్క పుచ్చు చూపించండి చూద్దాం" అని సవాలు చేసేదాన్ని.

దుకాణంలో దారం కొరకడం కూడా దాని పనే. కత్తెర ఎప్పుడూ ఏ గుడ్డల కిందో ఉంటుంది, నా కట్టుడు పళ్ళకు దారం తెగదు. పోయిన వారం ఒక జాకెట్టు చేతికిస్తే కొరకబోయి "అబ్బా" అని వదిలేసింది. తర్వాత మంచినీళ్ళు తాగి కూడా మొహం చిట్లించింది. దగ్గరికి లాక్కుని చూశాను. ముందు పళ్ళ అంచులు గాజుముక్కల్లా పల్చబడి ఉన్నాయి. మిగతాది లేత పసుపు.

శనివారం పొద్దున్నే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

"పుచ్చులేం లేవు కదండీ?" అన్నాను.

"ఒక్కటి కూడా లేదమ్మా. కానీ పైన పింగాణీ పొర ఉంటుంది చూడు, ఎనామిల్, అది అరిగిపోయింది. కూల్ డ్రింకులు తాగుతావా అమ్మాయ్?"

"మా ఇంట్లో కుళాయి తిప్పితే అవే వస్తాయండీ" అంది గిలక్కాయ. బుగ్గలో దూది కుక్కినా అది ఊరుకోదు.

"తాగినా వెంటనే తోమేస్తుందండీ. నేనే దగ్గరుండి తోమిస్తాను."

డాక్టరమ్మ చేతిలోని చిన్న అద్దం ఆగిపోయింది. "వెంటనే అంటే?"

"సీసా కింద పెట్టీ పెట్టకముందే."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెల్లగా చెప్పింది. "తీపి ఒక్కటే కాదమ్మా. అందులో ఉండే పులుపు పంటి పైపొరని మెత్తబరుస్తుంది. గోడకి సున్నం కొట్టి తడి ఆరకముందే చీపురు పెట్టి రుద్దితే ఏమవుతుంది? ఇదీ అంతే. నోట్లో నీళ్ళు పోసి పుక్కిలించి, కనీసం అరగంట ఆగాలి. ఈలోగా ఉమ్మే దాన్ని మళ్ళీ గట్టిపరుస్తుంది."

"పోయింది మళ్ళీ వస్తుందా?"

"రాదు. ఉన్నది కాపాడుకోవడమే. మరీ అరిగిన చోట పూత వేస్తాను. సీసాలు మానకపోతే అదీ నిలవదు."

దారిలో గిలక్కాయే నా చెయ్యి పట్టుకుని ఊపింది. "పోనీలేవే అమ్మా. అరిగితే అరిగాయి గానీ, శుభ్రంగా అరిగాయి." అని నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆ చెయ్యి ఎప్పటి నుంచి అడ్డం వస్తోందో నేను గమనించనే లేదు.

సాయంత్రం మా ఆయన పెట్టె భుజాన పెట్టుకుని వచ్చారు. దించకముందే చెప్పేశాను.

"నే తెచ్చినవన్నీ వీధిలో అందరూ తాగుతున్నారు. వాళ్ళ పళ్ళకేం కాలేదే?" అన్నారు.

"వాళ్ళింట్లో పెట్టెలు పెట్టెలు లేవు మరి."

"వాళ్ళమ్మలు దగ్గర నిలబడి అరగదీయించలేదు."

ఆయనకీ తెలుసు ఆ మాట ఎక్కడ తగిలిందో. పెట్టె దించి, గిలక్కాయని ట్యూబ్ లైటు కిందికి పిలిచారు. గడ్డం పట్టుకుని తల కాస్త వెనక్కి వంచి, ఒక కన్ను సగం మూశారు. సీసాని దీపానికి ఎత్తి చూసేటప్పుడు ఆయన మొహం అలాగే ఉంటుందని తోటి పనివాళ్ళు అనుకరించి చూపిస్తుంటే నవ్వేదాన్ని. అలా చాలాసేపు చూశారు.

"వెలుతురు కనబడుతోంది అవతలి నుంచి" అన్నారు చివరికి. గడ్డం వదిలేసి, పెట్టెని తలుపు వెనక్కి కాలితో నెట్టి, చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు.

నేను పొయ్యి వెలిగిస్తుంటే వెనక మూత తీసిన చప్పుడైంది.

"ఏమే!"

"చల్లది కాదులేవే అమ్మా, నొప్పి పుట్టదు. ఒక్కటే. రేపటి నుంచి నిజంగా మానేస్తా."

లాక్కునేలోగా సగం అయిపోయింది. పదకొండేళ్ళ అలవాటు. పంతొమ్మిదేళ్ళ పిల్లని చెంప మీద కొట్టలేను. పెట్టె పారబోస్తే వీధి చివర కొట్టు ఉంది, అక్కడ లేబుళ్ళు తిన్నగా ఉన్నవి దొరుకుతాయి.

సీసా ఖాళీ చేసి తిన్నగా సింకు దగ్గరికి వెళ్ళి బ్రష్షు తీసింది. నేను చెప్పకుండానే. అదీ నేను నేర్పిన అలవాటే.

"ఆగు!" అని ఒక్క అరుపు అరిచాను. మా ఆయన చొక్కా సగం తొడుక్కుని బయటికొచ్చారు.

నీళ్ళతో పుక్కిలించమన్నాను. పుక్కిలించి, బ్రష్షు ఒళ్ళో పెట్టుకుని గడియారం కింద ముక్కాలి పీట మీద కూర్చుంది. నాలుక పళ్ళ మీద తిప్పుకుంటోంది, బుగ్గ కదలడం కనబడుతోంది. ఆ నోట్లో ఈ నిమిషంలో ఏం కరుగుతోందో, ఏం గట్టిపడుతోందో నాకెలా తెలుస్తుంది? మా ఆయన పెట్టె మీదే కూర్చున్నారు. నేను పొయ్యి ఆర్పేశాను.

"ఎంతయిందే?" అంది గిలక్కాయ.

"ఆరు నిమిషాలు."

"అంతేనా?" అని చెయ్యి నోటి దాకా తీసుకెళ్ళింది. చెయ్యి ముందే అడ్డం వచ్చేసింది, నవ్వు మాత్రం ఇంకా రాలేదు.